అయిదున్నర లక్షల భయం

సినిమాకి ముందు కథ పుడుతుందా, పేరు పుడుతుందా అని మనవాళ్ళనడిగితే, ముందు హీరోగారి డేట్లు పుడతాయంటారు. అది మన సంగతి. అమెరికాలో 1979లో షాన్ కన్నింగ్‌హామ్ అనే ఆయనకి ముందు పేరే పుట్టింది. ఆ పేరుని పెద్ద పెద్ద అక్షరాల్లో, అద్దం బద్దలు కొట్టుకుని మన మీదికి వస్తున్నట్టు గీయించి, 'వెరైటీ' అనే సినిమా వ్యాపారుల పత్రికలో నిండు పేజీ ప్రకటన వేశాడు. అప్పటికి స్క్రిప్టు పూర్తి కాలేదు, పెట్టుబడీ చేతికి రాలేదు. పేరు మాత్రం ఉంది: 'ఫ్రైడే ది థర్టీన్త్'. అంటే పదమూడో తారీకు, శుక్రవారం. పాశ్చాత్యులకి పదమూడు అంకె అచ్చిరాదు, శుక్రవారమూ అచ్చిరాదు. రెండూ కలిస్తే ఇంక చెప్పనక్కర్లేదు. మనకేమో శుక్రవారమంటే తలంటు పోసుకుని గడపకి పసుపు రాసే రోజాయె. అంచేత పేరు చూసి భయపడే యోగం మనకి లేదు. లోపలికి వెళ్ళి భయపడవలసిందే.

ఈ సావనీరుకి సినిమా మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, నేను సత్యజిత్ రాయ్ మీదో కురసావా మీదో రాస్తాననుకుని ఉంటారు. వాళ్ళ మీద రాయడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది స్లాషర్ చిత్రాన్ని గురించి. దీనికి మా హాస్టలు పెట్టిన తెలుగు పేరు 'నరుకుడు సినిమా'. ఊరికి దూరంగా ఓ చోటు, అక్కడ అరడజనుమంది కుర్రకారు, చీకటి, ఒక కత్తి, ఆ కత్తి పట్టినదెవరో అంతుపట్టకపోవడం - ఇంతే దాని లక్షణం. మన ఆలంకారికులు భయానకానికీ బీభత్సానికీ వేరువేరు పీటలు వేశారు. ఈ జాతి చిత్రం రెండు పీటల మీదా కూర్చుంటానంటుంది. చాలాసార్లు బీభత్సం పీట మీదే చతికిలబడుతుంది. లెక్చరర్లు నొచ్చుకోకపోతే నాకీ చిత్రం ఎందుకు నచ్చిందో చెబుతాను. నొచ్చుకునేవారి కోసం, ఎక్కడ నచ్చలేదో కూడా చెబుతాను.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఎందుకంటే ఈ చిత్రం గుణాలు చాలావరకు ఆ లెక్కలోంచే పుట్టాయి. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' అని ఒకటి తీశాడు. ఖర్చు 3 లక్షల పాతికవేల డాలర్లు. హంతకుడికి మొహం చేయించే తాహతు లేక, బజారులో దొరికే 'స్టార్ ట్రెక్' కెప్టెన్ బొమ్మ మాస్కు కొని తెల్లరంగు పూశారు. ఆ సినిమా ఒక్క అమెరికాలోనే 4 కోట్ల 70 లక్షలు చేసింది. దాన్ని చూసే మనమూ ఒకటి తీద్దామనుకున్నామని కన్నింగ్‌హామూ, కథ రాసిన విక్టర్ మిల్లరూ ఎప్పుడూ దాచుకోలేదు. కాపీ కొట్టినవాడు ఒప్పుకోవడం మన పరీక్షహాళ్ళలోనూ అరుదే కాబట్టి ఇది మెచ్చుకోదగ్గదే. మొత్తానికి వీళ్ళు పెట్టిన ఖర్చు సుమారు అయిదున్నర లక్షలు. 1980 మే 9న విడుదలైంది. మరో రెండు వారాలకి స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' వచ్చింది. దానికి కోటీ 90 లక్షలయింది. కుబ్రిక్ ఖర్చులో ముప్ఫయ్యో వంతుకి తీసిన ఈ నరుకుడు సినిమా అమెరికాలో దాదాపు 4 కోట్లు వసూలు చేసింది. కుబ్రిక్‌గారి వసూళ్ళకి మరీ అంత దూరంలో లేదు.

కథ నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. క్రిస్టల్ లేక్ అనే చెరువు గట్టున వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకొచ్చి ఉంచే క్యాంపు ఒకటి. 1957లో అక్కడ ఒక పిల్లాడు నీళ్ళలో మునిగి చనిపోయాడు. మర్నాటి ఏడు, పిల్లల్ని చూసుకోవలసిన ఇద్దరు యువతీయువకులు హత్యకి గురయ్యారు. క్యాంపు మూతపడింది. ఏళ్ళు గడిచాక దాన్ని మళ్ళీ తెరవాలని ఒకాయన పూనుకుంటాడు. పిల్లలు రావడానికి ఇంకా రోజులుంది. ముందుగా పనికి కుదిరిన కుర్రవాళ్ళూ అమ్మాయిలూ వచ్చి రంగులు వేస్తూ, గదులు తుడుస్తూ ఉంటారు. సైకిలు మీద తిరిగే ఊరి పిచ్చాయన ఒకాయన వచ్చి మీకందరికీ చావు మూడిందని చెప్పి వెళ్తాడు. ఎవరు వింటారు? రాత్రి వాన పడుతుంది. ఒక్కొక్కరే పోతూ ఉంటారు.

దీన్ని న్యూజెర్సీ రాష్ట్రంలో స్కౌట్ల సొంత క్యాంపులోనే తీశారు. సెట్లు దాదాపు లేవు. ఆ చెక్క గదులు, ఆ బంక్ మంచాలు, ఆ పడవలు అన్నీ అక్కడివే. చూపించేది జూన్ నెల. తీసింది 1979 శరత్కాలంలో, చలి మొదలయ్యాక. పెట్టుబడి తక్కువైనప్పుడు ప్రకృతిని వాడుకోవడం కంటే చవకైనది లేదు. చీకటికి అద్దె లేదు కదా.

ఇప్పుడు అసలు విషయం. హంతకి ఎవరో చివరిదాకా చూపకూడదు. గొప్ప రాక్షసి వేషం వేయించడానికి డబ్బూ లేదు. మరేం చేశారు? కెమెరానే హంతకి కళ్ళుగా చేశారు. చెట్టుకొమ్మల సందులోంచి కెమెరా చూస్తూ ఉంటుంది. దూరంగా అమ్మాయిలు నవ్వుకుంటూ పని చేసుకుంటూ ఉంటారు. కెమెరా కొంచెం పక్కకి జరుగుతుంది, ఓ ఆకు అడ్డమొస్తుంది, అంతే. రక్తం లేదు, కత్తి లేదు. కానీ చూస్తున్న ఆ చూపు ఎవరిదో అని మన వెన్నులో సన్నగా మొదలవుతుంది. ఈ ఉపాయం కన్నింగ్‌హామ్ కనిపెట్టింది కాదు. కార్పెంటర్ చేశాడు, అతనికంటే ముందు 1974లో కెనడాలో బాబ్ క్లార్క్ 'బ్లాక్ క్రిస్మస్'లో చేశాడు. అయితే వీళ్ళ చిత్రంలో దాదాపు కథంతా ఆ చూపు మీదే నిలబడింది.

ఆ చూపుకి ఒక గొంతు ఇచ్చినవాడు హ్యారీ మాన్‌ఫ్రెడీని. సంగీతంలో 'కి కి కి... మ మ మ' అని గుసగుసలాంటి ఒక శబ్దం వస్తూ ఉంటుంది. అదేమిటో చివర్లో గాని తెలియదు. "చంపెయ్యమ్మా" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. మాన్‌ఫ్రెడీని తానే మైకు ముందు ఆ అక్షరాలు పలికి ప్రతిధ్వని యంత్రంలో తిప్పాడు. ఖర్చు దాదాపు సున్న. అంతకంటే ముఖ్యమైనది ఆయన పెట్టుకున్న ఒక నియమం. హంతకి దగ్గర్లో ఉంటేనే సంగీతం, లేకపోతే లేదు. బ్రెండా అనే అమ్మాయి విలువిద్య మైదానంలో గురిబల్లలు సర్దుతూంటే పక్కనే ఒక బాణం వచ్చి గుచ్చుకుంటుంది. ఉలిక్కిపడతాం. సంగీతం మాత్రం లేదు. ఎందుకంటే అది నెడ్ అనే చిల్లర కుర్రాడి వేళాకోళం. ఈ నియమం మనకెవరూ చెప్పరు, చెవి మాత్రం పట్టుకుంటుంది. ఆ తరవాత సంగీతం వచ్చినప్పుడల్లా కంటికి ఏమీ కనపడకపోయినా ఎవరో ఉన్నారని తెలుస్తుంది. మన సినిమాల్లో తలుపు తీసినా, కాఫీ తాగినా వయొలిన్లు మోగే అలవాటున్న చెవికి ఈ పొదుపు ఎంతో హాయి.

టామ్ సవీనీ సంగతి చెప్పకపోతే ఈ చిత్రాభిమానులు నన్ను బతకనివ్వరు. వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫరుగా పనిచేసి వచ్చినవాడు. గాయాలూ రక్తమూ తయారుచేయడంలో చెయ్యి తిరిగినవాడు. తరవాత పెద్ద నటుడైన కెవిన్ బేకన్ ఇందులో జాక్ అనే కుర్రాడు. మంచం మీద పడుకుని ఉంటే కిందినుంచి ఒక బాణం అతని గొంతులోంచి పైకి వస్తుంది. నిజానికి బేకన్ మంచం కింద మోకాళ్ళ మీద కూర్చుని, కంతలోంచి తల మాత్రం పైకి పెట్టాడు. పైన కనిపించే మెడా ఛాతీ రబ్బరువి. షాటు జరుగుతూండగా రక్తం ఎక్కించే పంపు గొట్టం ఊడిపోయింది. మళ్ళీ ఇంకో మెడ చేసుకోవాలంటే టైమూ డబ్బూ లేవు. సవీనీ సహాయకుడు గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. తెర మీద అలా బుగ్గలు బుగ్గలుగా చిమ్మిన రక్తం ఒక మనిషి ఊపిరితో చిమ్మినది. పెద్ద కంపెనీలో ఇటువంటిది జరిగితే మర్నాడు కొత్త పంపు వచ్చి ఉండేది, షాటు ఇంత బాగా వచ్చేది కాదు.

మేం దీన్ని అమ్మాయిల హాస్టలు కామన్ రూములో, టీవీకి ఎవరిదో లాప్‌టాప్ తగిలించి, పాతికమందిమి చాపల మీద కూర్చుని చూశాం. ఇటువంటివి ఒంటరిగా చూడకూడదు. భయం వేస్తుందని కాదు, సగం రుచి పోతుందని. "ఒసే, వెళ్ళకే, ఆ గదిలోకి వెళ్ళకే!" అని తెర మీది అమ్మాయికి తెలుగులో సలహాలివ్వడం, ఆవిడ వినకపోవడం, అందరం కలిసి కేకెయ్యడం, వెంటనే నవ్వుకోవడం - మనవాళ్ళు రాత్రంతా తోలుబొమ్మలాట చూస్తూ చేసింది కూడా ఇదేననుకుంటాను. పీజీ అమ్మాయిలం, రేపోమాపో ఉద్యోగాలు చేయబోయేవాళ్ళం, ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నాం.

కానీ ఒక్కటుంది. లైబ్రరీ నుంచి హాస్టలుకి వచ్చే దారిలో ఓ అరఫర్లాంగు దూరం దీపాలుండవు. రాత్రి ఎనిమిది దాటాక ఆ దారిన నడిచే అమ్మాయికి వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. వేగం పెంచదు - పెంచితే భయపడ్డట్టు తెలిసిపోతుంది. ఫోను చెవికి పెట్టుకుని, లేని నాన్నగారితో మాట్లాడుతుంది. ఇది నరుకుడు సినిమా కాదు, వారంలో నాలుగు రోజుల సంగతి. మరి అటువంటి మేం, శనివారం పూట పనిగట్టుకుని, చెట్ల వెనకనుంచి అమ్మాయిల్ని చూసే కెమెరా ముందు ఎందుకు కూర్చున్నాం? మా రూమ్మేట్ అడిగిందీ ప్రశ్న. జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ దారి మీది భయానికి మొదలూ చివరా లేవు. ఇక్కడ గంటన్నరకి అయిపోతుంది. అక్కడ కేక వెయ్యలేం. ఇక్కడ పాతికమందిమి కలిసి వేశాం.

చిత్రం వచ్చిన 1980లోనే జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ అనే ప్రసిద్ధ విమర్శకులు టీవీలో ఈ జాతి చిత్రాలన్నిటినీ ఉతికి ఆరేశారు. ఆడవాళ్ళ కష్టాన్ని ఆటగా చూపిస్తున్నారని, కెమెరాని హంతకుడి కంట్లో పెట్టి ప్రేక్షకుణ్ణి హంతకుడి పక్షాన నిలబెడుతున్నారని వారి అభియోగం. సిస్కెల్‌గారైతే తన 'షికాగో ట్రిబ్యూన్' సమీక్షలో హంతకి ఎవరో బయటపెట్టేసి, ఎవరూ చూడకుండా చెయ్యాలని చూశారు కూడా. వారి కోపం నాకర్థమవుతుంది. అభియోగంలో మొదటి సగం నిజమే, దాని దగ్గరికి వస్తాను. రెండో సగం మాత్రం మా కామన్ రూములో నిలవలేదు. కెమెరా హంతకి కంట్లో ఉన్నంతసేపూ మా పాతికమంది ప్రాణాలూ ఎదటి అమ్మాయి గుండెల్లోనే ఉన్నాయి. కన్ను ఒకరిది కావచ్చు, ఊపిరి ఇంకొకరిది కావచ్చు. సినిమాలో ఇది జరుగుతుంది.

ఇంక లోపాలు. చిన్నవి త్వరగా చెప్పేస్తాను. మధ్యలో ఓ అరగంట ఉంది - కాఫీ కాచుకుంటారు, ఆడుకుంటారు, దీపం వెలిగిస్తారు, ఆర్పుతారు - ఎడిటరుగారు నిద్రపోయారేమో అనిపిస్తుంది. కుర్రాళ్ళలో ఒకడికీ ఇంకొకడికీ చొక్కా రంగే తేడా. అపరాధపరిశోధన అని పైకి చెప్పుకుంటూ హంతకిని చివరి ఇరవై నిమిషాల దాకా ఒక్కసారైనా మనకి పరిచయం చెయ్యరు. ఇది తొండి. డిటెక్టివు నవల చదివే ఏ పిల్లాడైనా ఒప్పుకోడు. పైగా, హంతకి ఆడది అయితే, అప్పుడప్పుడు తెర మీద కత్తి పట్టుకుని కనిపించే చేతులు సవీనీ సహాయకుడివి. ఆ చేతుల్ని చూసి ఎవడో మగవాడని మనం అనుకోవాలన్నమాట!

పాము సంగతి చిన్నది కాదు. గదిలోకి పాము దూరితే ఒక కుర్రాడు కొడవలికత్తితో నరుకుతాడు. అందరూ నవ్వారు. మా పక్కన కూర్చున్న జువాలజీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అది రబ్బరుది కాదే, ఒళ్ళు మెలితిరిగిన తీరు చూడు" అంది. ఆమె అన్నది నిజం. దాన్ని నిజంగానే చంపారు. పాముని తెచ్చినవాడికి ఆ సంగతి ముందు చెప్పలేదట. ఇన్ని గొంతులు కోసిన ఈ చిత్రంలో నిజంగా చచ్చింది అదొక్కటే. సవీనీ అంతటివాణ్ణి పెట్టుకుని, మనుషులకి రబ్బరు మెడలు చేసినవాళ్ళు ఒక రబ్బరు పాముని చేసుకోలేకపోయారా? ఇది డబ్బు లేకపోవడం కాదు.

ఇప్పుడు సిస్కెల్‌గారి అభియోగంలో మొదటి సగం. నేను లెక్క వేశాను. హంతకి చేతిలో పోయినవాళ్ళు మొత్తం తొమ్మిదిమంది. అందులో మగవాళ్ళు అయిదుగురు, ఆడవాళ్ళు నలుగురు. లెక్క ప్రకారం ఆడవాళ్ళకి అన్యాయమేమీ జరగలేదు. కానీ కాయితం మీది లెక్క వేరు, తెర మీది లెక్క వేరు. నెడ్ ఎప్పుడు పోయాడో మనకి చూపనే చూపరు. తరవాత శవం కనిపిస్తుంది. బిల్లు అంతే, బాణాలతో తలుపుకి గుచ్చి ఉంటాడు. క్యాంపు యజమాని ఎవరినో చూసి పలకరిస్తాడు, అయిపోతాడు. జాక్ సుఖంగా పడుకుని ఉండగానే బాణం వచ్చేస్తుంది, భయపడడానికి అతనికి అర క్షణం కూడా లేదు. మరి ఆనీ? జీపులోంచి దూకి, కుంటుకుంటూ అడవంతా పరిగెత్తి, బతిమాలి, బతిమాలి పోతుంది. మార్సీ ఒంటరిగా స్నానాలగదిలో ఒక్కొక్క తెరా తీసి చూసుకుంటూ, భయాన్ని దాచుకోవడానికి వేళాకోళపు గొంతు పెట్టుకుని, ఆఖరికి గొడ్డలి చూస్తుంది. చావు అందరికీ సమానంగా పంచారు, భయం మాత్రం ఆడపిల్లలకే వడ్డించారు. ఈ సంగతి ఈ జాతి చిత్రాలన్నిటి గురించీ కెరల్ క్లోవర్ అనే అమెరికన్ ప్రొఫెసరమ్మ 1987లో ఒక వ్యాసంలో రాసింది. చివరికి మిగిలే అమ్మాయికి 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టిందీ ఆవిడే.

ఇదంతా ఒక ఎత్తు. నాకు నిజంగా మింగుడుపడనిది ఇంకొకటుంది. అది మా వంటావిడ అడిగిన ప్రశ్న. ఆవిణ్ణి మేమంతా అప్పా అని పిలుస్తాం. పొద్దుటికి పప్పు నానబోసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటికి తెర మీద వూర్హీస్ అనే ఆవిడ, పెద్ద వయసు, ఉన్ని స్వెటరు, ఇరుగింటి టీచరమ్మలాంటి మొహం, కత్తి తీసింది.

"ఎవలే తల్లీ ఆయమ్మ?"

"ఆవిడ కొడుకు ఈ చెరువులో మునిగి చచ్చిపోయాడట అప్పా. చూసుకోవలసినవాళ్ళు చూసుకోలేదని అందర్నీ చంపేస్తోంది."

"ఓలమ్మ! మరి ఆ పిల్లడు మునిగినప్పుడు ఈళ్ళే ఉన్నారేటి?"

"లేదప్పా, వాళ్ళు వేరు. వీళ్ళు అప్పటికి పుట్టారో లేదో."

"మరి ఈళ్ళనెందుకు సంపుతాది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఎందుకంటే చిత్రం కూడా చెప్పదు. అప్ప ప్రశ్న మనసులో పెట్టుకుని వెనక్కి వెళ్ళి చూడండి. మధ్యాహ్నం చెరువులో ఈత కొడుతూ నెడ్ మునిగిపోతున్నట్టు నటిస్తాడు. వెంటనే మిగతావాళ్ళంతా దూకి బయటికి లాక్కొస్తారు. అది నాటకమని తెలిసి తిడతారు. అంటే, 1957లో ఆ కుర్రాడి దగ్గర ఎవరు లేకపోయారో, వీళ్ళు సరిగ్గా వాళ్ళలాంటివాళ్ళు కారు. మునిగే మనిషిని చూస్తే పరిగెత్తేవాళ్ళు. ఆనీ మరీ పాపం - క్యాంపులో వంటకి కుదిరి, పిల్లలతో పనిచేయడమే తన కల అని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చిన పిల్ల. మొదట పోయింది ఆమే.

అన్నిటికంటే బ్రెండా. రాత్రి, వాన. మంచం మీద పుస్తకం చదువుకుంటోంది. బయట ఎక్కడో చిన్నపిల్లాడి గొంతు, సాయం చెయ్యమని. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి వింటుంది. మళ్ళీ వినిపిస్తుంది. ఇంకా పిల్లలెవరూ రాని క్యాంపు అది. అయినా లేచి, రెయిన్‌కోటు తగిలించుకుని, టార్చిలైటు పట్టుకుని ఆ వానలో గొంతు వినిపించిన వైపు వెళ్తుంది. ఆ గొంతు వూర్హీస్‌ది. తన పిల్లాడి గొంతునే ఎరగా వేసింది ఆవిడ. తన కొడుకు కేక ఎవరూ వినలేదనే కదా ఆవిడ పగ? విని వచ్చిన ఒక్కర్తెనీ చంపింది. ఇరవై ఏళ్ళ ఆలస్యంగానైనా ఆ కేకకి జవాబు చెప్పిన పిల్ల అది! ఇంత గొప్ప సన్నివేశం చేతిలో పెట్టుకుని, చిత్రం దాన్ని కనీసం గమనించదు. మైదానం దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి, ఒక కేక, తరవాతి సీను. వూర్హీస్ నోట ఆ సంగతి ఒక్క మాటగానైనా రాదు. ఆ రాత్రి మాకందరికీ బాణం గుర్తుంది, గొడ్డలి గుర్తుంది. నాకు మాత్రం వారం రోజులు ఆ రెయిన్‌కోటే కళ్ళముందు ఉంది.

అందుకే అంటాను, ఈ చిత్రానికి డబ్బు లేకపోవడం మేలే చేసింది. చీకటి, చూపు, గుసగుస - అన్నీ లేమిలోంచి వచ్చాయి. చెరిపింది మాత్రం మనుషుల మీద శ్రద్ధ పెట్టకపోవడం. దానికి పైసా ఖర్చవదు. ఇంకో రెండు పేజీలు కూర్చుని రాస్తే చాలు.

వూర్హీస్ వేసిన బెట్సీ పామర్ ఆ లోటు చాలావరకు తానే పూడ్చింది. టీవీలో ఇంటింటికీ తెలిసిన నవ్వుమొహం ఆవిడది. కొత్త కారు కొనుక్కోవడానికి డబ్బు కావలసి ఈ వేషం ఒప్పుకుంది. స్క్రిప్టు చదివి అసహ్యించుకుంది కూడా. కానీ కెమెరా ముందుకి వచ్చాక అసహ్యం చూపలేదు. "నా బాబు" అంటూ మొదలుపెట్టి మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు ఎక్కడికో పోతాయి. కొడుకు గొంతు తానే పెట్టి తనకి తానే చెప్పుకుంటుంది, చంపెయ్యమ్మా అని. అప్పటిదాకా సంగీతంలో విన్న 'కి కి, మ మ' ఏమిటో అప్పుడు తెలుస్తుంది. గుమ్మంలో నిలబడ్డ అప్ప "పాపం" అంది. ఆవిడ చేతిలో కత్తి ఉండగానే అంది.

చివరికి మిగిలింది ఆలిస్. తలుపుకి తాళ్ళు కట్టి, కుర్చీలూ బల్లలూ అడ్డం వేసి, చేతికి దొరికిన ప్రతిదాన్నీ విసిరి, పరిగెత్తి, కొట్టి, చచ్చిందనుకుని వదిలేసి, మళ్ళీ పరిగెత్తి, ఆఖరికి చెరువుగట్టున ఆ కొడవలికత్తితోనే వూర్హీస్ తల నరుకుతుంది. మా కామన్ రూములో చప్పట్లు! మేట్రన్‌గారు వచ్చి ఏమిటా గోలంటే "సెమినారుకి తయారవుతున్నామండీ" అని ఎవరో అన్నారు. తరవాత తెల్లవారుతుంది. ఆలిస్ పడవలో చెరువు మధ్యన, చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ ఉంటుంది. హాయైన సంగీతం. పోలీసులు గట్టు మీదికి వచ్చారు. అందరం కాళ్ళు చాపుకున్నాం. అప్పుడు నీళ్ళలోంచి వాడు లేస్తాడు - మునిగిపోయిన కుర్రాడు. పాతికమందిమి చాపల మీంచి లేచిపోయాం. సంగీతం వస్తే హంతకి ఉన్నట్టు, ఈ సంగీతంలో లేనట్టు అని గంటన్నరసేపు మనకి నేర్పి, ఆఖరి నిమిషంలో ఆ నేర్పిన పాఠంతోనే కొట్టారు. సినిమాలో అసలైన తెలివంతా అక్కడుంది.

ఆ ఒక్క నిమిషం మీద తరవాత పెద్ద వ్యాపారమే లేచింది. 1981లో రెండో భాగం, 1982లో మూడోది, అలా 2009 దాకా మొత్తం పన్నెండు చిత్రాలు. వాటిలో తల్లి పోయింది, పగ పోయింది. మునిగిన పిల్లాడు జేసన్ నిలువెత్తు హంతకుడైపోయాడు. లోకమంతా ఎరిగిన ఆ హాకీ మాస్కు వాడికి మూడో భాగంలో గాని రాలేదు. కథ రాసిన మిల్లర్‌కి ఇది నచ్చలేదు. తను రాసినప్పుడు జేసన్ చనిపోయిన పిల్లాడు, బాధితుడు, విలన్ కాడు అనేవాడాయన. నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది గాని, మాస్కులు అమ్ముడుపోయేది మిల్లర్‌గారి పిల్లాడితో కాదు.

అంత కష్టపడి బతికిన ఆలిస్‌ని రెండో భాగం మొదట్లోనే, పేర్లు పడకముందే, ఆమె ఇంట్లోనే చంపేశారు. మా హాస్టల్లో చాలామంది రెండో భాగం అక్కడే ఆపెయ్యమన్నారు, ఆపేశాం. ఆలిస్ వేసిన నటి ఏడ్రియన్ కింగ్‌ని మొదటి చిత్రం తరవాత ఒక మనిషి నిజంగానే వెంటాడాడు. సినిమాలో కాదు, ఆమె జీవితంలో. ఆమె తెర ముందు నటించడం చాలా ఏళ్ళు మానేసి, మొహం కనపడని పనులు, ఇతరుల పాత్రలకి గొంతు అరువివ్వడం వంటివి చేసుకుంది. ఎన్నో ఏళ్ళకి అభిమానుల సభలకి రావడం మొదలుపెట్టింది. బొమ్మలు కూడా వేస్తుంది. ఆరెగాన్ రాష్ట్రంలో ఒక ద్రాక్షతోటవాళ్ళతో కలిసి, సీసా మీద ఆ చెరువు పేరే పెట్టి, వైన్ కూడా అమ్మింది.